గ్రీకు, రోమను చరిత్రలో కొత్త ఆధారాలు: రేనాటి విద్యార్థి తెలుసుకోవలసినవి

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.
1. ఆంధ్రుల తొలి చరిత్రకు గ్రీకు, రోమను ఆధారాలతో ఉన్న సంబంధాన్ని వివరించడం.
2. ఒక పాత అభిప్రాయం కొత్త ఆధారం వల్ల ఎలా మారుతుందో ఉదాహరణలతో చెప్పడం.
3. గ్రంథం, నాణెం, ఊరి పేరు, తవ్వకం అనే నాలుగు రకాల ఆధారాలలో ఒక్కొక్కదాని బలాన్ని, పరిమితిని గుర్తించడం.
4. మీ ప్రాంతంలో వినిపించే చారిత్రక ప్రస్తావనలను ఇదే పద్ధతిలో పరిశీలించడం.

1. పరిచయం

ప్రాచీన గ్రీసు, రోము చరిత్ర అనగానే మన విద్యార్థులలో సాధారణంగా రెండు అభిప్రాయాలు కనిపిస్తాయి. అది ఎక్కడో దూరదేశపు సంగతి, మనకు పరీక్షకు తప్ప పనికిరాదు అన్నది మొదటిది. రెండు వేల ఏళ్ల కిందట ముగిసిన కథ కాబట్టి ఒకసారి చదివితే చాలు, అందులో కొత్తగా మారేది ఏమీ ఉండదు అన్నది రెండవది. ఈ రెండూ సరైనవి కావు.

శాతవాహనుల కాలం గురించి మనం వ్రాసే తేదీలలో కొన్ని, గ్రీకు భాషలో వ్రాసిన ఒక చిన్న పుస్తకం తేదీపై ఆధారపడి ఉన్నాయి. అక్కడ ఆ తేదీ కదిలితే ఇక్కడ ఒక రాజు పాలనాకాలం కదులుతుంది. కాబట్టి గ్రీకు, రోమను చరిత్రలో కొత్తగా ఏమి తెలిసిందో గమనిస్తూ ఉండడం ఆంధ్ర చరిత్ర చదివే విద్యార్థికి అవసరం.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ప్రాచీన రేనాటి సీమలోనివి. ఇక్కడ ఉద్యోగమో, వ్యవసాయమో, వ్యాపారమో చేసుకుంటూ దూరవిద్య ద్వారా చదువుతున్న మీకు పెద్ద గ్రంథాలయాలు దగ్గరలో ఉండకపోవచ్చు. అయినా ఆధారాన్ని పరీక్షించే పద్ధతిని నేర్చుకోవడానికి మీ పరిసరాలే చాలినంత సామగ్రిని ఇస్తాయి. ఈ పాఠంలో ఒక్కొక్క గ్రీకు, రోమను ఆధారాన్ని మీకు దగ్గరలోని ఒక విషయంతో పోల్చి చూద్దాం.

2. ముప్పై కోటల మాట ఎవరిది?

"ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని మెగస్తనీస్ చెప్పాడు." ఈ వాక్యం చదవని తెలుగు చరిత్ర విద్యార్థి ఉండడు. పోటీపరీక్షలలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. ఇప్పుడు ఈ మాట మన దగ్గరకు ఎలా వచ్చిందో చూద్దాం.

మెగస్తనీస్ సెల్యూకస్ రాయబారిగా చంద్రగుప్త మౌర్యుని ఆస్థానానికి వచ్చాడు. కాలం సుమారు క్రీ.పూ. 300. అతడు వ్రాసిన ఇండికా గ్రంథం నశించిపోయింది. స్ట్రాబో, ఆరియన్, డయోడోరస్, ప్లినీ వంటి తరువాతి రచయితలు తమ గ్రంథాలలో వాడుకున్న భాగాలు మాత్రమే మిగిలాయి. 1846లో ష్వాన్‌బెక్ అనే జర్మన్ పండితుడు ఆ భాగాలను ఏరి ఒకచోట చేర్చాడు. 1877లో మెక్‌క్రిండిల్ వాటిని ఇంగ్లీషులోకి అనువదించాడు. మన పాఠ్యపుస్తకాలకు ఆధారం చాలావరకు ఆ అనువాదమే.

ఆంధ్రుల ప్రస్తావన ఉన్న భాగం ప్లినీ లాటిన్‌లో వ్రాసిన ప్రకృతి చరిత్ర అనే గ్రంథం 6వ సంపుటిలోనిది. ఆ గ్రంథాన్ని ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతంలో పూర్తిచేశాడు. అంటే మెగస్తనీస్‌కు, ప్లినీకి మధ్య దాదాపు 375 సంవత్సరాల దూరం ఉంది. ప్లినీ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. పైగా ఆంధ్రుల గురించి చెప్పే వాక్యంలో అతడు మెగస్తనీస్ పేరు ఎత్తలేదు. అదే సంపుటిలో అంతకు ముందు, భారతీయ రాజుల దగ్గర ఉండి అక్కడి జాతుల బలాబలాలను తెలిపినవారిగా ఇద్దరిని పేర్కొన్నాడు. ఒకరు మెగస్తనీస్, మరొకరు ఈజిప్టు రాజు ఫిలడెల్ఫస్ పంపిన డయోనిసియస్. సైన్యాల లెక్కలు వీరిలో ఎవరివో, లేక ప్లినీ కాలం నాటికి మరెవరి ద్వారానైనా చేరినవో ఆ వాక్యం మాత్రం చెప్పదు.

అలాగని ఆ సమాచారం అబద్ధం అనకూడదు. ఆంధ్రులు బలమైన జాతిగా రోము వరకు తెలుసు అన్న విషయం దానివల్ల నిశ్చయంగా తేలుతుంది. తేలనిది ఆ బలం క్రీ.పూ. 300 నాటిదా, అంతకు తరువాతిదా అన్న సంగతి. కాబట్టి మీరు జవాబులో "మెగస్తనీస్ చెప్పాడు" అని వ్రాయడానికి బదులు, "ప్లినీ గ్రంథంలో ఉంది, దీనికి మూలం మెగస్తనీస్ కావచ్చునని పండితుల అభిప్రాయం" అని వ్రాస్తే సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఈ తేడా బాగా అర్థం కావాలంటే జమ్మలమడుగు పక్కనున్న గండికోటను తలచుకోండి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 1652లో గండికోటకు వచ్చి, అక్కడ మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. తన యాత్రా గ్రంథాన్ని 1676లో ప్రచురించాడు. అంటే చూసినవాడే వ్రాశాడు, ఆ గ్రంథం పూర్తిగా దొరుకుతోంది, కోట కూడా నిలిచి ఉంది. అతడు వర్ణించిన ఎత్తైన కొండను, ఎక్కడానికి కష్టమైన దారిని, కింద పారే పెన్నానదిని మీరు స్వయంగా వెళ్లి సరిచూసుకోవచ్చు. ఇన్ని వసతులున్నా, చూడడానికీ ప్రచురించడానికీ మధ్య 24 ఏళ్లు గడిచాయన్న విషయాన్ని చరిత్రకారుడు గుర్తుంచుకుంటాడు. మరి చూసినవాడు ఒకరు, వ్రాసినవాడు ఇంకొకరు, మూలగ్రంథం నష్టమైన సందర్భంలో ఎంత జాగ్రత్త అవసరమో ఆలోచించండి.

3. ఒక గ్రీకు పుస్తకం తేదీ, గౌతమీపుత్రుని తేదీ

పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ అనే గ్రీకు రచన పేరు మీరు విన్నారు. ఎర్ర సముద్రం మొదలు భారతదేశపు రేవుల వరకు ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుంది, ఏ సరుకుకు గిరాకీ ఉంది అని చెప్పే వర్తకుల కరదీపిక అది. వ్రాసినవాని పేరు తెలియదు. మనకు దక్కిన ముఖ్యమైన చేతిప్రతి 10వ శతాబ్దం నాటిది, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉంది. తూర్పుతీరంలో మసాలియా అనే ప్రాంతంలో సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఈ రచన చెబుతుంది. ఈ మసాలియా కృష్ణా ముఖద్వారపు సీమ.

ఈ పుస్తకం ఎప్పటిది? గ్రంథంలో తేదీ లేదు. అందువల్ల 1వ శతాబ్దం నుంచి 3వ శతాబ్దం వరకు పండితులు రకరకాల తేదీలు ప్రతిపాదించారు. ఇందులో నబతీయుల రాజు మాలికస్ ప్రస్తావన ఉంది. నబతీయ రాజ్యాన్ని రోము చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 106లో తన సామ్రాజ్యంలో కలుపుకొన్నాడు. రెండవ మాలికస్ క్రీ.శ. 40 నుంచి 70 వరకు పాలించాడు. దక్షిణ అరేబియా శాసనాల అధ్యయనం కూడా ముందుకు సాగడంతో, పెరిప్లస్ క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యభాగానికి చెందినదన్న అభిప్రాయానికి 1990 ప్రాంతం నుంచి బలం చేకూరింది. లయొనెల్ కాసన్ 1989లో ప్రచురించిన అనువాదం కూడా ఈ తేదీనే అనుసరించింది.

దీనికీ శాతవాహనులకూ ఉన్న ముడి ఇది. భరుకచ్ఛం రేవు ఉన్న దేశాన్ని మన్‌బనోస్ అనే రాజు పాలిస్తున్నాడని పెరిప్లస్ చెబుతుంది. ఇతడు క్షహరాత వంశపు నహపాణుడని పండితులు గుర్తించారు. నహపాణుని గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడు. దీనికి తిరుగులేని సాక్ష్యం 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన నాణేల నిధి. అందులో 13 వేలకు పైగా వెండి నాణేలు ఉన్నాయి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నాణేల మీద, నహపాణుని ముద్రపై గౌతమీపుత్రుడు తన ముద్ర తిరిగి కొట్టించాడు.

నహపాణుని కాలపు శాసనాలలో 41 నుంచి 46 వరకు సంవత్సరాలు కనిపిస్తాయి. ఇవి శక సంవత్సరాలనుకుంటే క్రీ.శ. 119 నుంచి 124 అవుతాయి. అప్పుడు గౌతమీపుత్రుని విజయం 124 ప్రాంతంలో పడుతుంది. మన పుస్తకాలలో కనిపించే 106–130 అన్న పాలనాకాలం ఈ లెక్కకు సంబంధించినదే. కానీ పెరిప్లస్ క్రీ.శ. 70కి లోపుది అయితే, అప్పటికే రాజుగా ఉన్న నహపాణుడు 124లోనూ రాజుగా ఉండడం నమ్మశక్యం కాదు. కాబట్టి 41, 46 అన్నవి శక సంవత్సరాలు కావు, అతని పాలనా సంవత్సరాలో మరో లెక్కో అయి ఉండాలని జో క్రిబ్ వంటి నాణేల పరిశోధకులు వాదించారు. ఈ వాదం ప్రకారం గౌతమీపుత్రుని కాలం క్రీ.శ. 60–85 ప్రాంతానికి జరుగుతుంది. మరికొన్ని తెలుగు పుస్తకాలలో పురాణాల లెక్క ననుసరించి 78–102 అని ఉంటుంది.

ఒకే రాజుకు మూడు తేదీలు చూసి విద్యార్థులు కంగారుపడతారు. ఏది బట్టీపట్టాలి అని అడుగుతారు. మీ పాఠ్యపుస్తకంలోని తేదీని గుర్తుంచుకోండి, దానితోపాటు అది ఏ ఆధారం మీద నిలబడి ఉందో కూడా గుర్తుంచుకోండి. రెండవది తెలిసినవానికి, రేపు తేదీ మారినా ఎందుకు మారిందో అర్థమవుతుంది.

4. నాణెం చెప్పేది, చెప్పనిది

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. అక్కడి అంగళ్లలో పనిచేసేవారికి ఒక విషయం వివరించనక్కరలేదు: నాణెం మీది బొమ్మ వేరు, లోహం విలువ వేరు. రోమను నాణేల అధ్యయనమంతా ఈ రెండింటి మధ్యనే తిరుగుతుంది.

తెలుగు నేలమీద రోమను నాణేలు చాలాచోట్ల దొరికాయి. నెల్లూరు దగ్గర 1786లో ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం తగిలింది. కింద చిన్న కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిని గురించి అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వ్రాసిన ఉత్తరం ఏషియాటిక్ రిసర్చెస్ పత్రికలో అచ్చయింది. తాను చూసినవాటిలో ఎక్కువ భాగం ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా నాణేలని, కొన్ని అప్పుడే ముద్రించినంత కొత్తగా ఉన్నాయని, కొన్ని అరిగిపోయి రంధ్రాలతో ఉన్నాయని, అవి నగలుగా ధరించినవి కావచ్చునని అతడు వ్రాశాడు. అధికారులకు తెలిసేలోపే కొన్ని నాణేలు పాత బంగారంగా అమ్ముడుపోయాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1500 పైచిలుకు వెండి నాణేల నిధి దొరికింది. మీకు సమీపంలోని నంద్యాల, పాత కడప జిల్లాలోనే చెయ్యేటి ఒడ్డున ఉన్న అత్తిరాల కూడా రోమను బంగారు నాణేలు దొరికిన చోట్ల జాబితాలో ఉన్నాయి.

ఈ నాణేలను బట్టి వాణిజ్యం ఎప్పుడు జరిగిందో చెప్పగలమా? మన దేశంలో దొరికిన రోమను వెండి నాణేలలో ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవే అత్యధికం. టైబీరియస్ క్రీ.శ. 37లో మరణించాడు. కాబట్టి వెండి నాణేల రాకడ ఆ కాలంలోనే ముమ్మరంగా సాగి తరువాత తగ్గిందని పూర్వం భావించారు. కానీ నాణెం ముద్రించిన తేదీ వేరు, అది ఓడ ఎక్కిన తేదీ వేరు, భూమిలో పాతిపెట్టిన తేదీ వేరు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెం బరువును సుమారు 3.9 గ్రాముల నుంచి 3.4 గ్రాములకు తగ్గించాడు, వెండిలో రాగి కలిపాడు. ఆ తరువాత మన దేశానికి వచ్చే వర్తకులు పాత నాణేలనే ఏరి తెచ్చి ఉండవచ్చు. క్రీ.శ. 107 ప్రాంతంలో ట్రాజన్ పాత నాణేలను కరిగించే వరకు అవి రోములో చలామణిలోనే ఉన్నాయి. కాబట్టి టైబీరియస్ నాణెం టైబీరియస్ కాలంలోనే ఇక్కడికి వచ్చిందనే నియమం లేదని డేవిడ్ మెక్‌డొవాల్ వంటి పరిశోధకులు చూపించారు. చేరినది ఆ నాణెమే, చేరిన కాలం మాత్రం అర్ధశతాబ్దం ఆలస్యం కావచ్చు.

నీరో ఎంత రాగి కలిపాడన్న దానిమీద కూడా అభిప్రాయం మారింది. నాణెం పైభాగాన్ని మాత్రమే పరీక్షించిన పాత లెక్కలలో నూటికి 93 పాళ్ల వెండి కనిపించింది. బుచర్, పాంటింగ్ అనే పరిశోధకులు నాణేలకు సన్నని రంధ్రం చేసి లోపలి లోహాన్ని తీసి పరీక్షించారు. 2014లో వెలువడిన వారి గ్రంథం ప్రకారం నీరో సంస్కరణలో వెండి నూటికి 80 పాళ్లకు పడిపోయింది. ముద్రణకు ముందు నాణెపు బిళ్లను శుద్ధిచేసి, పైపొరలో వెండి ఎక్కువగా ఉండేలా చేయడం వల్ల పాత పరీక్ష మోసపోయింది. పైపూతను నమ్మకుండా లోపలి వన్నె చూడాలన్నది ప్రొద్దుటూరు కంసాలికి తరతరాలుగా తెలిసిన సూత్రం. శాస్త్రవేత్తలూ చివరకు ఆ దారికే వచ్చారు.

ఇక్కడ మీకు నేరుగా వర్తించే విషయం ఒకటి ఉంది. నెల్లూరు నిధిలో కరిగిపోయిన నాణేల వల్ల ఏమి తెలిసి ఉండేదో మనకు ఎన్నటికీ తెలియదు. నాణెం విడిగా దొరికితే ఒక విషయం చెబుతుంది. ఏ కుండలో, ఏ లోతులో, ఏ ఇతర నాణేలతో కలిసి దొరికిందో తెలిస్తే పది విషయాలు చెబుతుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువ గల నిధిని గురించి కలెక్టరుకు తెలియజేయాలి. పునాదులు తీసేటప్పుడో, బోరు వేసేటప్పుడో, చేను చదును చేసేటప్పుడో పాత నాణేలు కనిపిస్తే అవి అంగడికి చేరి కరిగిపోకుండా చూడడం చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత. అత్తిరాలలో దొరికినవి రేనాడులో దొరకవని ఎవరూ చెప్పలేరు.

5. ఊరి పేర్లు: పోలిక చాలదు

క్రీ.శ. 2వ శతాబ్దపు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలమీ తన గ్రంథంలో తూర్పుతీరపు ఊర్లను పేర్కొన్నాడు. వాటిలో కొంటకోసిల ఒకటి. ఇది కృష్ణా జిల్లా ఘంటసాల అని నేడు అందరూ అంగీకరిస్తారు. పేర్లు కొంచెం ఒకేలా వినిపించడం ఇందుకు కారణం కాదు. నాగార్జునకొండ ప్రాకృత శాసనంలో కంటకసెల మహాచైత్యం ప్రస్తావన ఉంది. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, శాసనాలు బయటపడ్డాయి. గ్రీకు గ్రంథం, ప్రాకృత శాసనం, తవ్వకం మూడూ ఒకేచోట కలిశాయి కాబట్టి గుర్తింపు నిలిచింది.

ఇప్పుడు పులివెందుల పేరు తీసుకోండి. పులుల మందతో ముడిపెట్టి ఆ పేరు పుట్టుకను చెప్పే కథ మీరు వినే ఉంటారు. అది స్థానికుల జ్ఞాపకంలో భాగం, దానికి తగిన విలువ దానికి ఉంది. ఎవరైనా మరొక అడుగు వేసి, టాలమీ జాబితాలో పులి అనే ధ్వని ఉన్న పేరొకటి చూపి, ఇదే మన ఊరు అంటే ఏమి అడగాలి? ఆ పేరు పాత శాసనంలో ఎక్కడైనా ఉందా? ఉంటే ఏ రూపంలో ఉంది? టాలమీ చెప్పిన స్థానం తీరంలోనా, లోపలి భూభాగంలోనా? ఆ ఊరి దగ్గర ఆ కాలపు కుండపెంకులు, కట్టడాలు దొరికాయా? ఈ ప్రశ్నలకు జవాబు వచ్చేవరకు ఆ గుర్తింపు ఒక ఊహ మాత్రమే. మన ఊరి మీద అభిమానం ఎంత ఉన్నా ఘంటసాలకు అడిగిన సాక్ష్యమే మన ఊరికీ అడగాలి.

6. తవ్వకాలు మార్చిన అభిప్రాయాలు

పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ 1945లో తవ్వకాలు జరిపాడు. రోమను మద్యం జాడీలు, ఇటలీలో తయారైన మట్టిపాత్రలు దొరకడంతో దానిని రోమనులతో వాణిజ్యం కోసం ఏర్పడిన స్థావరంగా భావించాడు. నునుపైన నల్లని పళ్లేలలో, లోపలి అడుగున చిన్న గాట్ల వలయాలున్న రకం అక్కడ విరివిగా దొరికింది. ఆ పనితనం కూడా మధ్యధరా ప్రాంతానిదేనని అతడు అనుకున్నాడు. అటువంటి పళ్లేలు అమరావతి, శాలిహుండం వంటి ఆంధ్ర స్థలాలలోనూ దొరికాయి. ఎక్కడ ఆ పెంకు కనిపిస్తే అక్కడ రోమను ప్రభావం అని వ్రాయడం కొంతకాలం అలవాటైంది.

1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ బృందం అరికమేడును తిరిగి తవ్వింది. రోమను వర్తకులు రాకముందే అక్కడ ఊరు ఉందని తేలింది. ఆ పళ్లేల మట్టిని ప్రయోగశాలల్లో పరీక్షించగా అవి భారతదేశంలోనే తయారయ్యాయని తెలిసింది. ఫలితంగా మన తీరపు వాణిజ్యం రోమనులు వచ్చి మొదలుపెట్టినది కాదని, అప్పటికే నడుస్తున్న వ్యవస్థలోకి వారు వచ్చి చేరారని చరిత్రకారులు భావిస్తున్నారు. 1946లో అచ్చయిన వీలర్ నివేదికనే చివరి మాటగా తీసుకున్న పుస్తకాలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి.

ప్లినీ ఫిర్యాదు సంగతి కూడా చూడండి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా రోము ధనాన్ని పట్టుకుపోతోందని అతడు వాపోయాడు. ఇది నీతిబోధకుని అతిశయోక్తి అని చాలామంది కొట్టివేశారు. 1985లో వియన్నాలోని ఒక పపైరస్ పత్రం ప్రచురితమైంది. కేరళ తీరంలోని ముజిరిస్ రేవుకు సంబంధించిన ఒప్పందం, హెర్మపొల్లాన్ అనే ఓడ తెచ్చిన సరుకు విలువ అందులో ఉన్నాయి. ఆ లెక్క మొత్తం 1154 టాలెంట్ల 2852 డ్రాక్మాలు, అంటే దాదాపు 70 లక్షల డ్రాక్మాలు. ఈజిప్టు డ్రాక్మా, రోమను సెస్టర్సు విలువలో ఇంచుమించు సమానం. ఒక్క ఓడ సరుకే ఇంత అయినప్పుడు ప్లినీ అంకె అసాధ్యమేమీ కాదని ఇప్పుడు భావిస్తున్నారు. అయితే ఒక జాగ్రత్త అవసరం. పపైరస్‌లోనిది ఈజిప్టులో సరుకు విలువ. ప్లినీ చెప్పినది మన దేశానికి వచ్చిన ధనం. ఈ రెండూ ఒకటే అన్నట్లు లెక్కకట్టకూడదు.

సమాచారం ఆ వైపు నుంచి కూడా వస్తోంది. ఈజిప్టులో ఎర్ర సముద్రపు రేవు బెరెనికెలో 1994 నుంచి తవ్వకాలు జరుగుతున్నాయి. అక్కడి దేవాలయ ప్రాంగణంలో భారతీయ జాడీలో 7.5 కిలోల మిరియాలు దొరికాయి. 2022లో ఒక పాలరాతి బుద్ధ విగ్రహం బయటపడింది. దానితోపాటు ఫిలిప్ చక్రవర్తి కాలపు, అంటే క్రీ.శ. 244–249 నాటి సంస్కృత శాసనాన్ని, 2వ శతాబ్దపు శాతవాహన నాణేలు రెండింటిని ఈజిప్టు పురావస్తు అధికారులు 2023లో ప్రకటించారు. నెల్లూరులో ట్రాజన్ నాణెం దొరకడం మనకు 1786 నుంచి తెలుసు. శాతవాహన నాణెం ఈజిప్టు తీరంలో దొరికిందన్నది మాత్రం మీ తరం విద్యార్థులకు అందిన కొత్త విషయం. రెండు మూడు నాణేలతో రాజ్యాల మధ్య సంబంధాలు నిరూపితం కావు. మనుషులు మాత్రం రెండు దిక్కులా ప్రయాణించారని తెలుస్తుంది.

7. కొత్త విషయాన్ని ఎలా చదవాలి?

పై ఉదాహరణలన్నింటిలో మనం అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఈ మాట మొదట ఎవరు చెప్పారు? వారు చూసి చెప్పారా, విని చెప్పారా? అది మన దగ్గరకు ఏ ప్రతి ద్వారా, ఏ అనువాదం ద్వారా వచ్చింది? ఆ తరువాత దొరికిన ఆధారం ఏమంటోంది?

మూడవ ప్రశ్న గురించి ఒక మాట. మెక్‌క్రిండిల్ 1877 అనువాదం, షాఫ్ 1912లో చేసిన పెరిప్లస్ అనువాదం హక్కుల కాలం తీరిపోయినవి కనుక ఎక్కడైనా ఉచితంగా దొరుకుతాయి. అవి గొప్ప కృషి ఫలితాలే. కానీ సులభంగా దొరుకుతున్నాయి కాబట్టి అవే తాజా అభిప్రాయాలు అనుకోకూడదు. పుస్తకం చేతికి రాగానే మొదట ప్రచురణ సంవత్సరం చూడడం అలవాటు చేసుకోండి.

ఈ ప్రశ్నలను మీ ప్రాంతానికి అన్వయించి చూడండి. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి. రేనాటి చోళరాజు ఎరికల్ ముతురాజు ధనంజయుని పేరు అందులో ఉంది. దాని తేదీ క్రీ.శ. 575 అని మనమందరం వ్రాస్తాం. ఆ శాసనంలో మాత్రం తేదీ లేదు. అక్షరాల రూపాన్ని బట్టి పండితులు నిర్ణయించిన కాలం అది. కాబట్టి "575లో" అనడం కంటే "575 ప్రాంతంలో" అనడం సరైనది. రేపు అంతకంటే పాత తెలుగు శాసనం మరొకచోట దొరికితే కలమళ్ల విలువ తగ్గదు. తొలి అన్న మాట మారుతుంది, శాసనం చెప్పే విషయం మారదు. ప్లినీ వాక్యాన్ని పరీక్షించిన కళ్లతోనే మన శాసనాన్నీ చూడగలిగితే ఈ పాఠం ప్రయోజనం నెరవేరినట్లే.

8. సారాంశం

ప్రాచీన గ్రీసు, రోముల గురించిన జ్ఞానం నేటికీ మారుతూనే ఉంది. ప్లినీ వాక్యాన్ని మెగస్తనీస్ మాటగా చెప్పుకోవడంలో ఉన్న సందేహం, పెరిప్లస్ తేదీతో ముడిపడిన గౌతమీపుత్రుని కాలం, రోమను నాణేల కొత్త పరీక్షలు, అరికమేడు, బెరెనికె తవ్వకాలు ఇందుకు ఉదాహరణలు. ఈ మార్పులు ఆంధ్ర చరిత్రలోని తేదీలను, అభిప్రాయాలను నేరుగా తాకుతాయి. తేదీతోపాటు దాని ఆధారాన్ని తెలుసుకోవడం, పుస్తకం ప్రచురణ సంవత్సరాన్ని గమనించడం, స్థానిక అభిమానానికి కూడా సాక్ష్యం అడగడం, దొరికిన పురావస్తువును కాపాడడం చరిత్ర విద్యార్థి కర్తవ్యాలు.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పెరిప్లస్ తేదీ నిర్ణయానికీ, గౌతమీపుత్ర శాతకర్ణి కాలనిర్ణయానికీ గల సంబంధాన్ని వివరించండి.
2. రోమను నాణేల ఆధారంగా వాణిజ్య కాలాన్ని నిర్ణయించడంలోని ఇబ్బందులను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఆంధ్రుల సైనిక బలం గురించి ప్లినీ ఇచ్చిన సమాచారానికీ, గండికోట గురించి టావెర్నియర్ వర్ణనకూ ఆధారాలుగా ఉన్న తేడా ఏమిటి?
2. కొంటకోసిలను ఘంటసాలగా గుర్తించడానికి గల ఆధారాలు తెలపండి.
3. అరికమేడు పునఃతవ్వకాల వల్ల మారిన అభిప్రాయాలు ఏవి?

III. అభ్యాసం
మీ ఊరి పేరు పుట్టుకను గురించి గానీ, మీ ఊరి గుడి లేదా కోట తేదీని గురించి గానీ వాడుకలో ఉన్న ఒక మాటను తీసుకొని, పాఠంలోని నాలుగు ప్రశ్నలు వేసి, మీకు దొరికిన జవాబులను ఒక పేజీలో వ్రాయండి.